అక్కకూ నాకూ కలిపి ఒక జీబీ

వియత్నాం నుంచి వచ్చి నెల కావస్తోంది. మా స్టాఫ్‌రూంలో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ముందు తిండి సంగతి, తర్వాత వీసా సంగతి, ఆఖరున ఫోన్ సంగతి. "ఆడ నెట్టు ఎట్ల మేడం? మస్తు పైసలైతయా?" అని. మొదటి రెండింటికీ రెండు ముక్కల్లో జవాబు చెప్పేస్తాను. మూడోదానికి ప్రయాణమంతా చెప్పాల్సి వస్తోంది. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్నాను.

వెళ్ళింది నేనూ మా సుగుణక్కా. నేను ఎల్బీ నగర్‌లో ఓ ప్రైవేటు బడిలో సోషల్ చెప్తాను. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో బ్లౌజులు కుడుతుంది, మగ్గం పని చేస్తుంది. మూడో ఏట జ్వరమొచ్చి అక్కకు వినికిడి పోయింది. నల్లగొండ దగ్గర మా ఊళ్ళో ఏడేళ్ళు ఇంట్లోనే ఉంది. మేం సిటీకి వచ్చాక మలక్‌పేటలో వినపడని పిల్లల బడిలో చేర్చారు. సైగల భాష అక్కడే నేర్చుకుంది. అక్కడే చదివిన యాదగిరి బావను చేసుకుంది. బావకూ వినపడదు. ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తాడు. వాళ్ళిద్దరికీ ఫోనంటే వీడియో కాలే. ఫోన్ మోగగానే మనం చెవి దగ్గర పెట్టుకుంటాం. వాళ్ళు గోడకో సీసాకో ఆనించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుంటారు.

హోయి ఆన్ అనే ఊళ్ళో పొద్దున కొలతలిస్తే సాయంత్రానికి బట్టలు కుట్టి ఇస్తారని అక్క ఏదో వీడియోలో చూసింది. అప్పటి నుంచీ ఒకటే పట్టు, వెళ్ళి చూడాలని. జూన్ మొదటి వారంలో మూఢం నడుస్తోంది. పెళ్ళిళ్ళు లేవు, బ్లౌజుల గిరాకీ పడిపోయింది. మా బడి ఇంకా తెరవలేదు. ఇద్దరమూ ఎనిమిది రోజులుండి వచ్చేలా బయల్దేరాం.

దిల్‌సుఖ్‌నగర్, మెట్రో కింద

బయల్దేరే ముందు రోజు మెట్రో స్టేషన్ కింద తెలిసిన మొబైల్ దుకాణానికి వెళ్ళాం. మా ఇండియా నంబర్లకే రోమింగ్ వేయించుకుంటే ఒక్కో ఫోన్‌కు మూడు వేల పైన పడుతుందన్నాడు దుకాణం అతను. అంతకంటే ఈ-సిమ్ నయమన్నాడు. దీంట్లో ప్లాస్టిక్ ముక్క ఉండదు. కాగితం మీది గళ్ళ బొమ్మను ఫోన్‌కు చూపిస్తే చాలు, ఫోన్‌లోకి ఎక్కేస్తుంది. పది రోజులకు ఏడు వందలు, రోజుకు ఒక జీబీ. కాల్స్ రావు, నెట్టు ఒక్కటే.

"మీ ఫోన్ల పడ్తది మేడం. అక్కది పాత ఫోను, పడదు. ఆమెకు ఆడ దిగినంక మామూలు సిమ్ తీసుకోన్రి."

"అదెంతయితది?"

"ఎయిర్‌పోర్టుల వెయ్యి దాక చెప్తరు. ఊర్లెకు పోతే సగానికే దొర్కుతది. పాస్‌పోర్టు చూపియ్యాలె, గంతే."

"ఒక్కటి చాలదా? నా ఫోన్ల హాట్‌స్పాట్ పెట్టి ఆమెకు గూడ నెట్టిస్త."

అతను అక్క వైపు చూశాడు. అక్క దుకాణంలో వేలాడుతున్న ఫోన్ కవర్ల కుట్టు చూస్తోంది. "మీ ఇష్టం. ఇద్దరు ఎప్పుడు పక్కపక్కనే ఉంటరా మరి?"

"ఉంటం" అన్నాను.

ఆ వెయ్యి రూపాయలు లేక కాదు. ఎక్కడ మిగుల్తుందా అని వెతకడం నాకు అలవాటు. అక్కను అడగాలన్న ఆలోచన రాలేదు, అది నిజం. పాస్‌పోర్టులు రెండూ, డబ్బు మొత్తం, హోటల్ కాగితాలు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకున్నాను. అక్కకు ఖర్చులకని కొంచెం ఇచ్చాను.

హనోయి

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్లు రాకముందు రోడ్డు దాటిన వాళ్ళకు హనోయిలో భయమేమీ ఉండదు. అక్కడా అంతే, స్కూటర్లు ఆగవు. మనం ఆగకుండా, పరిగెత్తకుండా ఒకే నడకన పోతే అవే పక్కకు తప్పుకుంటాయి. తేడా ఒక్కటే, ఎవరూ తిట్టరు.

డబ్బు దగ్గర మాత్రం రెండు రోజులు తికమకపడ్డాను. మన రూపాయికి అక్కడివి మూడు వందల డాంగులు. చెరుకురసం తాగినా పదిహేను వేలు తియ్యాలి. చెరుకురసంలో నిమ్మ బదులు చిన్న నారింజల్లాంటి కాయలు వేసి పిండుతారు. పులుపూ వాసనా బాగుంటాయి.

మొదటి పూట తిండికి రోడ్డు పక్కన చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నాం. ఫో అని ఒక నూడుల్స్ పులుసు, గిన్నె నిండా ఇస్తారు. గొడ్డు మాంసంతో ఒకటి, కోడితో ఒకటి. నేను ఫోన్‌లో అనువాదం యాప్ తీసి తెలుగులో చెప్పాను. ఫోన్ ఏం పలికిందో తెలీదు కానీ, వండే ఆవిడ నవ్వి పక్కనున్నావిడను పిలిచి మళ్ళీ వినిపించమంది. ఇద్దరూ నవ్వారు. అప్పుడు అక్క లేచి, తల మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, చేత్తో వద్దని చూపింది. తర్వాత మోచేతులు ఆడించి, ముక్కుతో నేల పొడిచినట్టు చేసి రెండు వేళ్ళు చూపింది. రెండు గిన్నెలు కోడి పులుసు వచ్చింది. కారం సరిపోలేదని అక్క నాలుక బయటపెట్టి విసురుకున్నట్టు చూపిస్తే, పచ్చిమిర్చి ముక్కల గిన్నె కూడా వచ్చింది. ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ తిండి అడిగే పని అక్కదే.

ఆ మధ్యాహ్నం చెరువు గట్టున బెంచీ మీద కూర్చున్నాం. బావకు భోజనం వేళ. అక్క నా హాట్‌స్పాట్ మీద వీడియో కాల్ చేసి, ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి, చెరువునూ ఎర్ర వంతెననూ చూపిస్తోంది. నాకేమో పక్క వీధిలోని పాత గుడికి దారి చూడాలి. సగం జీబీ అయిపోయిందని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. హాట్‌స్పాట్ ఆపేసి మ్యాప్ పెట్టుకుని నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క చేతులు గాలిలోనే ఆగి ఉన్నాయి. ఫోన్‌లో బావ మొహం బిగుసుకుపోయింది.

"నెట్టు అయిపోతది అక్కా. రాత్రి హోటల్ల మాట్లాడు, ఆడ వైఫై ఉంటది" అని సైగ చేశాను. ఇంట్లో మేం చిన్నప్పుడు కల్పించుకున్న సైగలు, అక్క నేర్పిన బడి సైగలు కలిపి మాట్లాడతాను నేను. అక్కంత బాగా రాదు.

అక్క ఫోన్ సంచిలో పెట్టుకుని లేచింది. నేనూ మళ్ళీ దాని గురించి ఆలోచించలేదు.

డా నాంగ్ రైలు

మూడో రోజు సాయంత్రం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి దించింది. మన రైళ్ళకంటే పెట్టెలు చిన్నవి, బెర్తులు మెత్తన. పొద్దున లేచేసరికి ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఎదుటి బెర్తులో ఓ ముసలావిడ క్రోషే అల్లుతోంది. అక్క ఆవిడ పక్కకెళ్ళి కూర్చుంది. గంటలో ఆవిడ సూదినే మార్చుకుంటూ ఇద్దరూ అల్లారు. మనవళ్ళు ఎంతమంది, మోకాళ్ళ నొప్పులు ఎవరికెన్ని, అన్నీ అయ్యాయి. నేను సొరంగాల్లో సిగ్నల్ కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని కూర్చున్నాను.

హోయి ఆన్, బట్టల బజారు

డా నాంగ్ నుంచి హోయి ఆన్ గంట దారి. పసుపు గోడలు, పెంకుటిళ్ళు, ప్రతి రెండో ఇల్లూ దర్జీ దుకాణం. ఆ సాయంత్రం అక్క ఒక్క మెట్టూ వదల్లేదు. మిషన్ల పేర్లు చూసింది, కాలర్లు తిరగేసి చూసింది, బొత్తాల కాజాలకు వేలు పెట్టి చూసింది. "చేతి పని తక్కువ, మిషన్ పని సాపు" అని తేల్చింది.

మర్నాడు పొద్దున్నే బట్టల బజారుకు వెళ్ళాం. ఒకే కప్పు కింద వరసగా కొట్లు, తానులు నడుమెత్తున. మన దిల్‌సుఖ్‌నగర్‌లో పిలిచినట్టే చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతారు. అక్క బావకు వీడియో పెట్టి, తానుతానునూ చూపిస్తూ ముప్పావు గంట మాట్లాడింది. ఈసారి నేను ఆపలేదు. పదకొండింటికి నా ఫోన్‌కు ఇంగ్లీషులో ఏదో మెసేజ్ వచ్చింది. చదవకుండానే తోసేశాను.

అక్కకు ఒక పట్టు నచ్చింది. డాంగులు చాల్లేదు. అక్కడ బంగారం దుకాణాల్లో డబ్బు మారుస్తారు. "ఈడనే ఉండు. పది నిమిషాలల్ల ఒస్త" అని అక్కకు చెప్పి వెళ్ళాను. మొదటి దుకాణంలో మారకం తక్కువ చెప్పాడు. ఇంకోదానికి వెళ్ళాను. అక్కడ వరస ఉంది. తిరిగొస్తూ వేరే గుమ్మంలోంచి లోపలికొచ్చాను. అన్ని కొట్లూ ఒక్కలాగే ఉన్నాయి. మా కొట్టు వెతికి పట్టుకునేసరికి ముప్పావు గంటైంది. కొట్టు మీద గుడ్డ కప్పి ఉంది. అమ్మినావిడ మధ్యాహ్నం నిద్రకు వెళ్ళిపోయింది. అక్క లేదు.

"అక్కా!" అని అరిచాను. రెండోసారి అరవబోతుంటే గుర్తొచ్చింది, అరిచి లాభం లేదని. నలభై నాలుగేళ్ళుగా ఆమె చెల్లెల్ని.

బజారంతా తిరిగాను. బయటికొచ్చి వీధి ఆ చివరికీ ఈ చివరికీ పరిగెత్తాను. ఎండ మండిపోతోంది. వెనక నుంచి స్కూటర్ వస్తే అక్కకు తెలీదు. పాస్‌పోర్టు నా బ్యాగ్‌లో, హోటల్ చిరునామా కార్డు నా బ్యాగ్‌లో. నెట్టు నా జేబులో ఉంది కాబట్టి అక్క చేతిలో ఉన్నది ఉట్టి డబ్బా. మెసేజ్ పెడదామని నా ఫోన్ తీస్తే, అదీ తిరుగుతూ ఉంది తప్ప పోవడం లేదు. అప్పుడు చదివాను పదకొండింటి మెసేజ్. ఈ రోజు జీబీ అయిపోయింది, రేపటి దాకా ఇంతే అని.

తోవలో ఒకరిద్దరిని ఆపి అడగబోయాను. అనువాదం యాప్ కూడా నెట్టుతోనే నడుస్తుంది. చేతులతో చెప్పొచ్చన్న తెలివి ఆ నిమిషాన రాలేదు.

హోయి ఆన్, ఇంకొకరి నెట్టు

మళ్ళీ బజారు గుమ్మం దగ్గరికొచ్చేసరికి తెలుగు వినపడింది. "ఏమండీ, వీడు మీటరుకి ఎంత అంటున్నాడూ?" అని ఓ పెద్దావిడ. పక్కన భర్త, నెత్తిన గుడ్డ టోపీ. దగ్గరికి పరిగెత్తి, మాది హైదరాబాద్ అని, అక్క కనపడ్డం లేదని, నెట్టు లేదని ఒక్క గుక్కలో చెప్పేశాను.

వాళ్ళది చైతన్యపురి. మా ఇంటికి రెండు స్టేషన్ల దూరం. ఆయన రిటైరైన లెక్చరర్, సూర్యనారాయణ గారు. ఆవిడ రాజ్యలక్ష్మి గారు. ముప్పై ఏళ్ళ కిందట తెనాలి నుంచి వచ్చారట.

"కంగారు పడకమ్మా. నా హాట్‌స్పాట్ ఇస్తాను, కలుపుకో" అన్నారాయన. పాస్‌వర్డ్ చెప్పి, "వీడియోలవీ చూడకేం. నాది కూడా రోజుకి లెక్కగానే ఇస్తాడు" అన్నారు.

ఫోన్ కలిసింది. ఒక్కసారిగా పద్నాలుగు మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. అన్నీ అక్కవే. ఒక దుకాణం బోర్డు ఫోటో. మ్యాప్‌లో చోటు. "నేను టైలర్ దుకాణం. వైఫై ఉన్నది. నువ్వు రా." తర్వాత, "నువ్వు ఎక్కడ." మళ్ళీ, "నువ్వు ఎక్కడ." ఆఖరిది, "ఏడవకు."

చదువుతుండగానే బావ వీడియో కాల్ వచ్చింది. బావకు ఏం చెప్పాలా అని వీధుల్లో పరిగెత్తినంతసేపూ మనసులో అనుకుంటూనే ఉన్నాను. అక్క లేదు అనడానికి మా సైగలో అరచేతులు రెండూ తెరిచి తిప్పాలి. చనిపోయిన వాళ్ళకూ దాదాపు అదే సైగ. ఫోన్‌ను తానుల మీద ఆనించి రెండు చేతులూ ఎత్తాను. బావ నన్ను చెప్పనివ్వలేదు. ఆయన చేతులు గబగబా ఆడాయి.

"నువ్వు ఎటు పోయినవ్? సుగుణ గంట నుంచి దుకాణంల కూసున్నది. నాతోటి మాట్లాడుతనే ఉన్నది. చెల్లె తప్పిపోయింది, ఏం జెయ్యాలె అని పరేషాన్ అయితున్నది. నువ్వు బాగున్నవా? నీళ్ళు తాగు. ఇగో, ఆమె ఉన్న వీధి..."

అంతే. బావ చెయ్యి గాలిలో ఆగిపోయింది. తలెత్తి చూస్తే సూర్యనారాయణ గారు పది కొట్ల అవతల దుప్పట్లు బేరమాడుతున్నారు. ఆయన తప్పేం లేదు. ఫోన్ ఆయన జేబులో ఉంది, ఆయన నడిచారు. నాకు మాత్రం, ఎదుటి మనిషి మాట్లాడుతుండగా ఎవరో మధ్యలో తలుపు వేసినట్టయింది. హనోయి చెరువు గట్టున గాలిలో ఆగిపోయిన అక్క చేతులు కళ్ళ ముందుకొచ్చాయి.

రాజ్యలక్ష్మి గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "ఆ బోర్డు ఫోటో చూపించమ్మా. ఈ దుకాణం నాకు తెలుసు, నిన్ననే లంగా ఇచ్చాను. పద, తీసుకెళ్తాను."

"మరి సార్?"

"వస్తార్లే. నాకు విడిగా సిమ్ తీసుకోలేదు, దండగన్నారు. నెట్టు కావాల్సొస్తే నేనే ఆయన వెంట తిరుగుతున్నాను. ఇవాళ ఆయన్నే మన వెంట రానీ."

లాన్ గారి దుకాణం

రెండు సందుల అవతలే ఉంది. నేను ఆ ముందు నుంచి మూడుసార్లు పరిగెత్తాను. అక్క లోపల, కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. దుకాణం యజమానురాలు లాన్, యాభై ఏళ్ళావిడ, అక్క పక్కన స్టూలు మీద వంగి చూస్తోంది. అక్క ఒక మెడ పట్టీ అంచుకు తాడులా సన్నటి పైపింగ్ వేసి చూపిస్తోంది.

నన్ను చూసి మిషన్ ఆపింది. "తిన్నవా?" అని అడిగింది.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆడనే ఉండమన్న గద, ఎందుకొచ్చినవ్ అని చేతులు విసిరేసి అరిచినట్టే సైగ చేశాను. రాజ్యలక్ష్మి గారు బయటికెళ్ళి నిలబడ్డారు. అక్క నేను ఆపేదాకా చూసింది.

"పది నిమిషాలన్నవు. అరగంట చూసిన. ఆమె కొట్టు మూస్తున్నది, మూసిన కొట్టు ముంగట ఒక్కదాన్నే నిలబడాల్నా? మెసేజ్ పెడ్దమంటే నెట్టు నీ తాన ఉన్నది. ఈ దుకాణం అద్దం మీద వైఫై బొమ్మ కనబడ్డది, ఒచ్చి అడిగిన. ఇచ్చింది."

"ఎట్ల అడిగినవ్?"

అద్దం మీది బొమ్మను, తన ఫోన్‌ను, తన చెవిని చూపించింది. చేతులు జోడించింది. "గంతే."

నేను కూర్చున్నాను. లాన్ నాకు చల్లటి టీ తెచ్చిచ్చింది. కాసేపటికి అక్క మళ్ళీ చేతులెత్తింది. ఈసారి నెమ్మదిగా, నాకు ఒక్క సైగా తప్పిపోకుండా.

"ఐదు రోజులైంది. నా మొగనితోటి మాట్లాడాలంటే నిన్ను అడగాలె. నువ్వు లేచి నడిస్తే నేను నడవాలె. చెరువు కాడ మాట మధ్యల బంద్ చేసినవ్. నీకు నెట్టు మిగిలింది. నాకేమనిపిచ్చిందో తెలుసా?" అక్క తన అరచేతిని నోటి మీద గట్టిగా నొక్కి పెట్టుకుంది. "గట్ల."

తప్పయిందని సైగ చేశాను. అది పెద్ద సైగేం కాదు, గుండె మీద పిడికిలి తిప్పడమే. చాలా చిన్నగా అనిపించింది.

"ఏడవకు" అంది అక్క. "నా పాస్‌పోర్టు నాకియ్యి."

బ్యాగ్‌లోంచి తీసిచ్చాను. డబ్బులో సగమూ ఇచ్చాను. లెక్కపెట్టుకోకుండా సంచిలో వేసుకుంది. లాన్ మమ్మల్ని వీధి చివర సిమ్‌లు అమ్మే కొట్టుకు తీసుకెళ్ళింది. కొట్లో అమ్మాయి అక్క పాస్‌పోర్టు ఫోటో తీసుకుని, కాలిక్యులేటర్ మీద రెండు లక్షల డాంగులు కొట్టి చూపింది. అక్క దాన్ని తన వైపు తిప్పుకుని లక్షా ఇరవై వేలు కొట్టింది. లక్షన్నరకు తెగింది. మన డబ్బుల్లో ఐదు వందలు. రోజుకు నాలుగు జీబీలు, నెల దాకా. నాకంటే చవగ్గా, నాకంటే ఎక్కువ. ఈ రాసిందాంట్లో ఫోన్ గురించి మీకు పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే అదే. పాస్‌పోర్టు తీసుకుని ఊళ్ళోకెళ్ళి కొనుక్కోండి, మనిషికొకటి కొనుక్కోండి.

రాజ్యలక్ష్మి గారు కూడా ఒకటి తీసుకున్నారు. అప్పటికి సూర్యనారాయణ గారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. "ఎక్కడికెళ్ళావోయ్, అంతా వెతుకుతున్నాను" అన్నారు. "ఫోన్ చెయ్యకపోయారా?" అన్నారావిడ. ఆయన పర్సు తీసి, కొట్లోని అమ్మాయికి ఆ సిమ్ డబ్బిచ్చారు.

చివరి రోజు

ఆఖరి రోజు సముద్రానికి పోదామనుకున్నాం. పొద్దున్నే అక్క తయారై, "నేను లాన్ కాడికి పోతున్న. నువ్వు సముద్రం చూసి రా" అంది. నేనూ వస్తానన్నాను. "నీకు ఆడ ఏం పని?" అంది. నిజమే. కుట్టుపనిలో నాకు బొత్తాం కుట్టడం కూడా సరిగా రాదు.

ఒక్కదాన్నీ సముద్రం దగ్గర కూర్చున్నాను. ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కలు తిన్నాను. అవి అచ్చం మన బండ్ల మీది రుచే. గంటకోసారి ఫోన్ తీసి చూసుకున్నాను. మొదటిసారి అక్క నుంచి ఏమీ లేదు. రెండోసారీ లేదు. మూడోసారి ఒక వీడియో వచ్చింది. లాన్ దుకాణంలో నలుగురు ఆడవాళ్ళు చెక్క రింగుకు బిగించిన గుడ్డ చుట్టూ మూగి ఉన్నారు. అక్క మగ్గం సూదితో జరీ పోగు లాగి చూపిస్తోంది. ఆ సూది అక్క ఇంటి నుంచి తీసుకొచ్చిందని నాకు తెలీనే తెలీదు. కింద, "నువ్వు తిను. నేను ఇక్కడ తిన్న" అని ఉంది.

ఎల్బీ నగర్

శంషాబాద్‌లో దిగి ఎయిర్‌పోర్టు బస్సెక్కాం. ఎల్బీ నగర్ దగ్గర ఎప్పటిలాగే బస్సు ముందుకు కదల్లేదు. బావ స్టాపులో నిలబడి ఉన్నాడు. అక్క కిటికీ పక్కకు జరిగింది. బస్సు ఆగకముందే, మూసిన అద్దంలోంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బస్సులో వాళ్ళు కొందరు తిరిగి చూశారు. డ్రైవర్ తలుపు తీసేసరికి అక్క సగం ప్రయాణం చెప్పేసింది.

సామాను నేనే దింపాను. బావ నాకు చెయ్యి ఊపి మళ్ళీ అక్క వైపు తిరిగాడు. వాళ్ళ చేతుల వేగం నాకు అందలేదు. లాన్ అర్థమైంది, పట్టు అర్థమైంది. నాకు పుట్టుమచ్చ ఉన్న చోట గడ్డాన్ని వేలితో తాకితే, సైగల్లో అది నా పేరు. రెండుసార్లు వచ్చింది. రెండోసారి ఇద్దరూ నవ్వారు.

ఏమన్నదని అడగబోయి ఆగిపోయాను. పెట్టెలు వాళ్ళ దగ్గరే పెట్టి, ఆటో మాట్లాడటానికి రోడ్డు దాటాను.